రెండో చరణం దగ్గర

రికార్డింగు ఎర్ర దీపం ఆరిపోయింది. నాన్న మళ్ళీ ఆపేశారు. అదే చోట, రెండో చరణం చివర, తన గొంతు మెల్లగా పైకెక్కి ‘ఆగవా’ అనే మాట మీద నిలబడబోతుండగా కమాను తీగల మీంచి లేచిపోయింది, చెవుల్లో వయొలిన్ ఉన్నట్టుండి మాయమైంది, గొంతు ఒక్కటే కాస్త దూరం నడిచి తోడు లేక అదీ ఆగిపోయింది. అనఘ కళ్ళు తెరిచింది. గాజు అవతల పెద్ద గదిలో, జంపఖానా మీద, తెల్ల లాల్చీలో నాన్న తల వంచుకుని కూర్చున్నారు. వయొలిన్ కొస పాదానికి ఆనించి ఉంది. కమాను పట్టుకున్న కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ఆ చెయ్యి వణుకుతోంది. చూడకూడదు అనుకుంటూనే చూసింది, చూసి వెంటనే ఎదురుగా ఉన్న మైకు వైపు తిరిగింది, మైకు ముందున్న నల్లటి జాలీగుడ్డ మీద తన ఊపిరి తడి తప్ప చూడ్డానికి ఏమీ లేదు. పొద్దుట్నించీ ఎన్నిసార్లయింది, లెక్క వదిలేసింది. పల్లవి బాగానే వస్తోంది, మొదటి చరణం బాగానే వస్తోంది, ‘ఏటి నిదుర చెదరనీకు, ఓ పడవా, మెల్లగా’ అని తను అంటే వెనకాల ఆయన కమాను నిజంగానే నీళ్ళమీద పడవలా జారుతోంది, వణుకు ఉంది, ఉంటే ఉంది, వినగా వినగా తెలుస్తుంది కానీ వెంటనే తెలియదు. రెండో చరణం చివరికొచ్చేసరికి మాత్రం ఆగిపోతున్నారు. ఆపినవారు ఎందుకు ఆపారో చెప్పరు. ‘ఊఁ, మళ్ళీ’ అంటారు, అంతే.

చెవుల్లో చిన్న చప్పుడు, బాలశౌరి మీట నొక్కాడన్నమాట. ఇంకో గాజు అవతల, మిషన్ల ముందు, అతని బట్టతల మాత్రం కనిపిస్తోంది. “అనఘా, నీకొక్కదానికే వినపడేట్టు మాట్లాడుతున్నా. పైకి చూడమాక. మాస్టారి చెయ్యి ఇవాళ పట్టు ఇవ్వట్లేదు. ఆ పైస్వరం మీద కమాను నిలవట్లేదు, అందుకే ఆపేస్తున్నారు, చెప్పుకోలేక. జ్ఞానేశ్వరి గవర్నర్‌పేటలోనే ఉంది, ఫోన్ చేస్తే వచ్చి వాయించి వెళ్తుంది. చెయ్యమంటావా?” అనఘ జాలీగుడ్డనే చూస్తూ, పెదవులు కదలకుండా, “కాసేపు ఆగు శౌరీ” అంది. “ఎంతసేపు? ఎదురు మేడ మీద చూశావుగా.” చూసింది. లిఫ్టు లేని మూడంతస్తులూ నాన్న రెయిలింగు పట్టుకుని ఎక్కుతుంటే ఆయన ఊపిరి తీసుకోవడానికి నిలబడ్డ ప్రతిచోటా తనూ ఏదో పని ఉన్నట్టు ఫోను చూసుకుంటూ నిలబడింది, అప్పుడు మెట్ల కిటికీలోంచి చూసింది. ఎదుటి మేడలో బట్టల కొట్టు ప్రారంభం, అరటి చెట్లు కట్టారు, మనిషెత్తు సౌండు పెట్టెలు ఆటోల్లోంచి దింపుతున్నారు. అవి మొదలైతే ఈ గదికి ఎన్ని నురుగు పలకలు అంటించినా లాభం లేదు, గోడలోంచే వచ్చేస్తుంది ఆ దరువు. పాటలు విడుదల చేసే కంపెనీవాళ్ళకి పాట ఈ రాత్రికల్లా వెళ్ళాలి. తొమ్మిది పాటలు హైదరాబాదులో అయిపోయాయి, ఈ పదోది మాత్రం బెజవాడలోనే చేస్తానని, నాన్నతోనే చేస్తానని పట్టుబట్టింది తను. ఇప్పుడు నాన్న శిష్యురాల్ని పిలిచి నాన్న కూర్చున్న జంపఖానా మీదే కూర్చోపెట్టాలి. ఆ మాట ఆయనతో చెప్పేది ఎవరు? బాలశౌరి చెప్పడు. వాడు మాస్టారి ముందు కుర్చీలో కూడా కూర్చోడు.

గుణదల కొండ కింద ఇల్లు శౌరి వాళ్ళది. మేరీమాత గుళ్ళో పాటలబృందంలో మంద్రమైన బేసు గొంతుతో పాడేవాడు, ఆ గొంతు చూసే ఇంజినీరింగు కాలేజీలో బేసు గిటారు వాడి చేతికిచ్చారు. తనూ వాడూ ఇంకో ముగ్గురూ కలిసి చేసిన బ్యాండు. ఊళ్ళో ఎక్కడ వాయించినా పక్కింటివాళ్ళు తగువుకొస్తుంటే కృష్ణ కరకట్ట పక్కన అరటితోటలో ఎరువుల షెడ్డు ఒకటి దొరికింది, రేకుల కప్పు, అక్కడ ఎంత అరిచినా వినేది గేదెలే. అందుకే పేరు ‘కరకట్ట’ అయింది. ఆ షెడ్డులో మొదటిసారి తను నిజంగా అరిచింది. పాటలో ఒక మాట మీద గొంతు బద్దలైపోతున్నట్టు, రేకులు తిరిగి పలికినట్టు, కడుపు అడుగునుంచి వచ్చిన అరుపు. డ్రమ్ముల దగ్గరున్నవాడు కర్రలు ఆపేసి చూశాడు. భయమేసింది తనకి, అంత హాయిగా ఉన్నందుకు. ఇరవై ఏళ్ళు ఆ అరుపే అన్నం పెట్టింది. కుర్రాళ్ళు ఊళ్ళకి ఊళ్ళు దాటి వచ్చింది ఆ అరుపు కోసమే. తర్వాత ఒకరు ఉద్యోగంలోకి, ఒకరు సినిమాల్లోకి, శౌరి ఈ స్టూడియోలోకి. చివరి కచేరీల్లో ఒకదానిలో వాన, కరెంటు పోయింది, గిటార్లు మూగబోయాయి, తడుస్తూ నిలబడ్డ జనాన్ని వదిలి పోలేక మైకు లేకుండా రేడియో కాలం నాటి లలిత గీతాలు రెండు పాడింది, చిన్నప్పుడు ఇంట్లో విన్నవి. ఎవరో ఫోనులో తీసి పెట్టారు. తన ఇరవయ్యేళ్ళ అరుపుల్ని వినని జనమంతా ఆ రెండు పాటలూ విన్నారు. కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి, “మేడమ్, ఇలాంటివి పది చేద్దాం. మెత్తగా, ఇంట్లో అమ్మలు కూడా వినేలా” అన్నారు. మెత్తగా. తొమ్మిది పాటలు మెత్తగా పాడింది. ఒక్కొక్కటి పాడి బయటికొచ్చినప్పుడల్లా ఎవరింటికో పేరంటానికి వెళ్ళి కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని వచ్చినట్టుండేది. బాగున్నాయన్నారు అందరూ. బాగానే ఉన్నాయి.

నాన్న మటుకు ఏమీ అనలేదు. ఆ పాటలు పంపించింది, విన్నారని అమ్మ చెప్పింది. అమ్మ కనకవల్లి గారికి భర్త చెప్పని మాటలన్నీ కూతురికి చేరవెయ్యడమే ఇరవయ్యేళ్ళుగా పని. “మీ నాన్న నెల్లాళ్ళబట్టీ పెట్టె తీసి వాయిస్తున్నారే. నువ్వడిగినందుకు కాదుట, తీగలు పాడైపోతాయనిట. అలాగే చెప్పమన్నారు” అని ఫోనులో నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, “చెయ్యి కాస్త వణుకుతోంది. డాక్టరు గారు వయసే, జబ్బు కాదన్నారు. నువ్వు గమనించనట్టే ఉండు” అంది. గమనించనట్టే ఉంది. పొద్దున్నించీ గమనించనట్టు ఉండీ ఉండీ మెడ నరాలు పట్టేశాయి. ఈ పాట మొట్టమొదట రేడియోకి రికార్డు చేసిన రోజున వెనకాల వయొలిన్ వాయించినవారిలో ఆఖరి వరసలో నాన్న ఉన్నారు, ఇరవై నాలుగేళ్ళవాడు, చల్లపల్లి నుంచి బస్సులో వచ్చి బెజవాడలో చేరి ఏడాది కూడా కాలేదట. పాడినావిడ లేరు, రాసినాయన లేరు, ఆ గదిలో ఉన్నవాళ్ళలో మిగిలింది ఆయనొక్కరే అని అమ్మే చెప్పింది. అలాంటాయన్ని లేపి, మీరు పక్కన కూర్చోండి నాన్నా అనాలి. ఎలా అనాలి? నవ్వుతూ అనాలా? అలిసిపోయారు కాసేపు కాఫీ తాగండి అని బయటికి పంపి, ఈలోగా జ్ఞానేశ్వరిని కూర్చోపెట్టి... ఛీ. ఆలోచన పూర్తికాకుండానే చెవులు వేడెక్కాయి.

అయినా ఆయన తన విషయంలో ఏం చేశారు? పన్నెండేళ్ళప్పుడు, పిల్లల లలిత గీతాల పోటీ, ఎవరిదో కళాసమితి హాలు, వేదిక మీద ఒక పక్కన నాన్నే వయొలిన్. గొంతు అప్పటికే మారుతోంది, మగపిల్లలకి మారినట్టు, ఇసక కలిసినట్టు. పాట సగంలో ఉండగానే జడ్జీగారు చెయ్యెత్తి ఆపించి, మైకులోనే, “అమ్మాయి గొంతులో జీర ఉందండీ. కచేరీకి పనికి రాదు, మరోలా అనుకోకండి” అన్నారు. ముందు వరసలో ఎవరో నవ్వారు. తను నాన్న వైపు చూసింది. నాన్న తల దించుకుని, బిరడా తిప్పుతూ, తీగ చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి చూసుకుంటున్నారు. శ్రుతి సరిగానే ఉంది. సరిగా ఉన్న తీగని తిప్పుతున్నారు. ఇంటికొచ్చాక కూడా ఏమీ అనలేదు. కాలేజీలో కరకట్ట మొదటి కచేరీకి పిలిస్తే వచ్చారు, ముందు వరసలో కూర్చున్నారు, రెండో పాటలో లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున తను లేచేసరికి బల్లమీద మరిగిన నీళ్ళ గిన్నె, పక్కన మడతపెట్టిన తువ్వాలు, మిరియాల కషాయం. “ఆవిరి పట్టు. గొంతు చించుకుంటే పాట రాదు” అన్నారు. ఆ ఒక్క మాటే. ఆ మాటకి కోపమొచ్చి హైదరాబాదు వెళ్ళింది, ఆ ఆవిరి మాత్రం వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ పట్టింది. ఇప్పుడు ఆయన చెయ్యి ఒళ్ళో వణుకుతోంది, తనేమో తల తిప్పుకుని జాలీగుడ్డ చూస్తోంది. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడకపోవడం ఈ ఇంట్లో అందరికీ వచ్చు.

గోడలోంచి ధన్ మని ఒక్క దరువు. కాళ్ళకింద నేల అదిరింది. ఎదుటి మేడవాళ్ళు పెట్టెలు పరీక్ష చేసుకుంటున్నారు. ఆగింది. “విన్నావుగా” అన్నాడు శౌరి చెవిలో. “ఇంకో గంట. అదీ నేను కిందికెళ్ళి బతిమాలితే. చెప్పు, జ్ఞానేశ్వరికి ఫోన్ చెయ్యనా? మాస్టారికి నేనేదో సర్దిచెప్తాలే, మిషను పాడైంది, మిగతాది రేపని ఇంటికి పంపిద్దాం.” ఆ అబద్ధం ఎంత తేలిగ్గా ఉంది. పెద్దాయన రెయిలింగు పట్టుకుని దిగి వెళ్ళిపోతారు, రేపు పొద్దున్నే పెట్టె తీసి మళ్ళీ సాధన చేస్తారు, రాని రేపటికి. అనఘ నోరు తెరిచింది. సరే అనబోయిందో వద్దనబోయిందో తనకే తెలియదు, ఎందుకంటే అదే క్షణంలో గాజు అవతల నాన్న చెవుల మీది హెడ్‌ఫోన్ రెండు చేతులతో తీసి, తీగ చుట్టి, జంపఖానా మీద జాగ్రత్తగా పెట్టారు. ఎందుకు తీశారు? చెవులు నొప్పి పుట్టి తీశారా? శౌరి నాకొక్కదానికే అన్నాడు. నాకొక్కదానికేనా? పొద్దున శౌరి రెండు హెడ్‌ఫోన్లూ ఒకే పెట్టెకి గుచ్చాడు, తను చూసింది, రెండో పెట్టె పనిచెయ్యట్లేదని అన్నాడు, తర్వాత మార్చాడో లేదో. శౌరి కూడా అటే చూస్తున్నాడు. వాడి మొహంలో రక్తం లేదు. చెవుల్లో చప్పుడు ఆగింది, మీట వదిలేశాడు. నాన్న వయొలిన్ పక్కన పెట్టారు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచారు. ఒకసారి నిలదొక్కుకున్నారు. తలుపు వైపు నడుస్తున్నారు. విన్నారు. అంతా విన్నారు, చెయ్యి పట్టు ఇవ్వట్లేదన్నదీ, మిషను పాడైందని ఇంటికి పంపిద్దామన్నదీ. తను ఒక్క ‘వద్దు’ అనకుండా ఊరుకున్నదీ. ఆయన ఆ తలుపులోంచి బయటికి, మెట్ల మీదికి వెళ్ళిపోతే వెనక పరిగెత్తి ఏం చెప్పాలి, పరిగెత్తాలి, తను ఎందుకు కదలడం లేదు.

తెరుచుకున్నది ఈ గది తలుపే. నాన్న లోపలికి వచ్చారు. ఇద్దరు నిలబడితే నిండిపోయే గది. లాల్చీకి విభూది వాసన, చేతికి కమానుకి రాసే రోజను వాసన. “జ్ఞానేశ్వరి బాగా వాయిస్తుంది” అన్నారు. “నేనే నేర్పాను. పిలవాలంటే పిలవండి, నాకేం అభ్యంతరం లేదు. అబద్ధాలెందుకు?”

“నాన్నా, అది కాదు...”

“చెయ్యి వణుకుతోంది. నాకు తెలీదా? నా చెయ్యేగా. వణికినా ఎలా వాయించాలో నెల్లాళ్ళు చూసుకున్నాకే వచ్చాను. నేను ఆపింది అందుకు కాదు.”

ఆయన మైకు వైపు, జాలీగుడ్డ వైపు చూశారు, అక్కడ ఎవరో మూడో మనిషి ఉన్నట్టు.

“ఆ చరణం ఒకసారి మాటలు చెప్పు. పాడకు. చెప్పు.”

చిన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టే గొంతులోంచి వచ్చింది. “గట్టు మీద నిలుచున్నా, గాలి పైట లాగుతున్నా, ఒక్క మాట ఉండిపోయె, ఓ పడవా, ఆగవా.”

“పడవ ఎక్కడుంది?”

“ఏట్లో.”

“ఆవిడెక్కడుంది?”

“గట్టు మీద.”

“గాలి కూడా ఉంది. మరి నువ్వు పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి పిలిచినట్టు పిలుస్తున్నావేమిటి? వాడికి వినపడుతుందా?” ఆయన గొంతు పెంచలేదు. “ఆ రోజు రేడియోలోనూ అలాగే పాడించారు. మైకు తట్టుకోదని, ఆడపిల్ల గొంతు అంత పైకి లేస్తే బాగుండదని. ఆవిడకి చాలా పెద్ద గొంతు ఉండేదమ్మా. సాధనలో ఒక్కసారి, ఎవరూ లేరనుకుని, నిజంగా పిలిచింది. నేను తీగలు వేసుకుంటూ అక్కడే ఉన్నాను. తర్వాత మెత్తగా పాడమన్నారు, పాడింది. నేను ఆఖరి వరసలోవాణ్ణి, చెప్పే వయసు కాదు. చెప్పాల్సినచోట చెప్పకుండా చాలాసార్లు ఊరుకున్నాను, ఆ ఒక్కచోటే కాదు.” అనఘ గోడ మీది నురుగు పలకల గళ్ళు చూస్తోంది, గళ్ళు ఒకదాంట్లోకి ఒకటి కరుగుతున్నాయి. “నీ అరుపులు నాకు నచ్చవు” అన్నారు నాన్న. “ఇప్పటికీ నచ్చవు. ఉన్నమాట. కానీ అరవడం నీకు వచ్చుగా. వచ్చినదాన్ని దాచుకుని, ఎవరి గొంతో అరువు తెచ్చుకుని పాడితే దాని వెనక నేనేం వాయించను? అక్కడికొచ్చేసరికి నాకు చెయ్యి లేవట్లేదు. అదీ సంగతి.”

“కంపెనీవాళ్ళు మెత్తగా...”

“కంపెనీవాళ్ళు గట్టు మీద నిలబడ్డారా?”

ఆయన వెళ్ళి జంపఖానా మీద కూర్చున్నారు. కూర్చోవడానికి కొంతసేపు పట్టింది. ఈసారి ఆమె ఆ చేతిని చూసింది, తల తిప్పుకోకుండా, వణుకుతూనే హెడ్‌ఫోన్ వెతుక్కోవడం, వణుకుతూనే కమానుకి రోజను రాయడం, తీగల మీద ఆనగానే వణుకు పూర్తిగా పోకపోయినా ఒక దారిలోకి రావడం. బాలశౌరి కిందికి పరిగెత్తి కొట్టువాళ్ళని బతిమాలి వచ్చాడు, వగరుస్తూ, “అరగంట ఇచ్చారు” అన్నాడు. మాస్టారి వైపు చూడలేక మిషను వైపు చూస్తూ, “మాస్టారూ, నేను...” అన్నాడు. “దీపం వెయ్యి నాయనా” అన్నారు నాన్న.

ఎర్ర దీపం. నాలుగు తాళపు దెబ్బల నిశ్శబ్దం. వయొలిన్ మొదలైంది. ఏటి నిదుర చెదరనీకు. మెత్తగానే పాడుతోంది, ఇక్కడ మెత్తగానే ఉండాలి, ఏరు నిద్రపోతోంది, కానీ ఈ మెత్తదనం ఎవరిదో కాదు, జీర ఉంది, ఉండనీ, జడ్జీగారి చెయ్యి గాల్లోకి లేస్తోంది, లేవనీ. మొదటి చరణం దాటింది. నెమ్మదిగా దగ్గరవుతోంది ఆ చోటు. కచేరీల్లో ఎన్నడూ లేని భయం, వేలమంది ముందు లేని భయం, ఒక్క మనిషి ముందు. అక్కడ అరిస్తే పాట పగిలిపోతుందేమో. ఆయన మొహం ముడుచుకుంటుందేమో, ముందు వరసలోంచి లేచి వెళ్ళిన ఆ వీపు మళ్ళీ కనిపిస్తుందేమో. గట్టు మీద నిలుచున్నా. కరకట్ట మీద సాయంత్రాలు గాలి ఎలా ఉండేదో వీపుకి గుర్తుంది, జుట్టంతా నోట్లోకి వచ్చేది, అవతలి లంక వైపు పోయే పడవ ఇంజను చప్పుడు చిన్నదైపోతూ చిన్నదైపోతూ ఉండేది. గాలి పైట లాగుతున్నా. పడవ చాలా దూరం పోయింది. ఇప్పుడు పిలవకపోతే ఇంక వినపడదు. ఒక్క మాట ఉండిపోయె. ఎన్ని మాటలు. ఆమె మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది, కడుపు అడుగుకి ఊపిరి దించింది.

ఓ పడవా, ఆగవా.

గది నిండిపోయింది. గొంతు పైకెళ్ళి, ఎక్కడైతే తొమ్మిది పాటల్లోనూ తనే తలుపు మూసుకుని లోపల ఉండిపోయిందో ఆ చోటు దాటి, ఇసకా కంకరా అన్నీ వేసుకుని బయటికి వచ్చేసింది, చివర చీలింది, చీలినచోట కూడా స్వరం తప్పలేదు. ఎప్పుడూ కళ్ళు మూసుకునే పాడే మనిషి ఈసారి కళ్ళు తెరిచే పాడింది. గాజు అవతల శౌరి మీటల మీంచి చేతులు తీసేసి వెనక్కి వాలిపోయాడు. నాన్న కమాను లేవలేదు. తీగని అంటుకునే ఉంది, కదలకుండా, ఆమె ఊపిరి అయిపోయేదాకా ఆగి ఉంది, అయిపోగానే ఆ గొంతు వదిలిన స్వరాన్ని అక్కడే అందుకుంది. వణుకుతూ అందుకుంది. ఇందాకటికంటే ఎక్కువ వణుకుతోంది, స్వరం అంచులు చెదిరిపోతున్నాయి, ఆయన దాన్ని దాచడానికి ఏమీ చెయ్యడం లేదు. మెడ పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, పెదవులు బిగించి లాగుతున్నారు. అలా ఎంతసేపు వాయించారో. మూడో చరణం ఇవాళ ఒక్కసారి కూడా చేరలేదు ఇద్దరూ, ఇప్పుడు చేరారు. ఆమె గొంతు కేక పెట్టి అలిసి ఉంది, అందుకే దానంతటదే మెత్తబడింది. పడవ ఆగిందో లేదో పాట రాసినాయన ఎక్కడా చెప్పలేదు. చెప్పకుండానే పాట అయిపోయింది.

అయ్యాక ఎవరూ కదలకూడదు, గదిలో గాలి కూడా సద్దుమణిగేదాకా. కదల్లేదు. కిందనుంచి ఆటో హారను పీచుగా వినిపించి పోయింది. ఎర్ర దీపం ఆరింది. బాలశౌరి గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలాగే, “మాస్టారూ, చాలండి. ఇదే ఉంచేద్దాం. ఇంతకంటే ఇంకేం కావాలండీ” అన్నాడు.

నాన్న జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. బిరడా పట్టుకుని పైతీగ కొంచెం బిగించారు. అనఘ వైపు చూశారు, కేక గురించి ఏమీ అనలేదు. “నువ్వు ఆ స్వరం వదిలాక నేను అందుకోవడం ఒక్క వెంట్రుకవాసి ఆలస్యమైంది. ఇంకోసారి.”

“ఎవరికీ తెలీదండీ. నాకు చాలు, నిజంగా.”

“నీకు చాలు నాయనా” అన్నారు నాన్న, కమాను ఎత్తుతూ. “మాకు చాలదు.”

అనఘ రెండు గుక్కల మంచినీళ్ళు తాగి మళ్ళీ మైకు ముందు నిలబడింది.